ఒక గురువు, మూడు లఘువులు

ఇది 2024 వేసవిలో జరిగిన ముచ్చట. అప్పుడే రాద్దామని కూర్చున్నాను గానీ సిగ్గు అడ్డువచ్చింది. ఆ సిగ్గు ఎందుకో చదువరులకు ముందుకు పోయిన కొద్దీ బోధపడుతుంది. ఛందస్సు కూడా కొంచెం వస్తుంది, భరించక తప్పదు. ముప్పయ్యేళ్లు తెలుగు పండితుడిగా బతికినవాడు కంప్యూటరు గురించి రాసినా అందులో గణాలు రాకుండా ఎలా ఉంటాయి?

మా చీరాల ఇంట్లో 2005లో కొన్న కంప్యూటరు ఒకటుంది. నిజానికి అది నా కోసం కొన్నది కాదు. అమ్మాయి ఇంజనీరింగు చదువుకని కొన్నాం. అమ్మాయి చదువు ముగించి వెళ్లిపోయాక దానిమీద గుడ్డ కప్పి ఉంచాం. 2008లో ఒకనాడు మా ఆవిడ ఆ గుడ్డ తీసి, "మీ కాగితాలన్నీ ఇందులో ఎక్కించకూడదూ?" అంది.

ఆ కాగితాల సంగతి చెప్పాలి. నేను చీరాల, వేటపాలెం చుట్టుపక్కల జిల్లా పరిషత్తు పాఠశాలల్లో పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేటపాలెం సారస్వత నికేతనంలో భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం చూశాను. 1962లో వచ్చిన మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది. అది చూసినప్పటి నుంచి నాకొక వ్యసనం పట్టుకుంది. పిల్లల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా వాళ్ల తాతలతో, నాయనమ్మలతో మాట్లాడి, వాళ్ల పనిముట్ల పేర్లు రాసుకునేవాణ్ణి. పాత పరీక్ష కాగితాలను నాలుగు ముక్కలుగా కోసి, వెనకవైపు ఒక్కో ముక్కమీద ఒక్కో మాట. నేతవాళ్ల నాడె, కండె, పడుగు, పేక. గీతవాళ్ల మోకు, లొట్టి. రైతుల జడ్డిగం, మేడి, గుంటక. ఇలా నాలుగు వేల పైచిలుకు ముక్కలు, దారం కట్టిన కట్టలు, ఒక చెక్కపెట్టె నిండా.

మా ఆవిడ పెళ్లికి ముందు టైపు లోయరు పరీక్ష ప్యాసయింది. ఆ సర్టిఫికెట్టుకు ఉద్యోగమైతే రాలేదు గానీ వేళ్లలో ఆ పరుగు పోలేదు. లేఖినిలో రోమను అక్షరాలతో కొడితే తెలుగు పడుతుందని తెలిసిన రోజున ఆమె ముఖం చూడవలసింది. ఎక్స్‌పీలో తెలుగు కనబడడానికి ముందు మేము పడిన పాట్లు మీ అందరూ పడినవే: అక్షరాలకు బదులు డబ్బాలు, డబ్బాలు పోయాక ఒత్తులు విడిపోయి నేలమీద పడ్డ పూసల్లా అక్షరాలు. పోతన ఫాంటు దించుకున్నాక గాని కంటికి హాయి కలగలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ఒక కట్ట విప్పేది, నేను బడి నుంచి వచ్చేసరికి దాన్ని మళ్లీ కట్టేసి ఉంచేది. ఎనిమిదేళ్లు ఇలా సాగింది. నడుమ 2015లో చెక్కపెట్టెకు చెద పట్టింది. మేము చూసేసరికి కట్టలు కట్టలు మట్టి అయిపోయాయి. అప్పుడు ఆమె, "చూశారా, ఎక్కించమన్నాను కాబట్టి సరిపోయింది" అంది. ఆ మాటలో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

2021లో ఆమె వెళ్లిపోయింది. ఆ తరువాత నేను ఆ కంప్యూటరు జోలికి పోలేదు. గుడ్డ మళ్లీ కప్పి ఉంచాను.

2024 ఫిబ్రవరిలో ఏదో మాట వెతకవలసి వచ్చి, ధైర్యం చేసి మీట నొక్కాను. లోపల గాలిపంకా ఒక్కసారి కదిలి ఆగింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. ఊళ్లో మరమ్మతుల దుకాణం నడిపేవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. వచ్చి పక్కరేకు విప్పి, దుమ్ము ఊది, టార్చిలైటు వేసి, "మాస్టారూ, ఇటు చూడండి" అన్నాడు. మదర్‌బోర్డు మీద ప్రాసెసరు చుట్టూ చిన్న చిన్న స్తంభాల్లాంటివి నిలబడి ఉన్నాయి. కెపాసిటర్లు అంటారట. వాటి నెత్తి చదునుగా ఉండాలి. మావి నాలుగైదు పూర్ణం బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. రెండిటి నెత్తి పగిలి గోధుమరంగు రసం ఎండి గడ్డకట్టింది.

వాటి నెత్తిమీద గాటు ఎందుకు పెడతారని అడిగాను. లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరిగితే డబ్బా మొత్తం పేలిపోకుండా ఆ గాటు దగ్గర చీలాలని పెడతారన్నాడు. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో తయారైన బోర్డులకు ఇది పెద్ద రోగమట. కెపాసిటర్లలో పోసే ద్రవం నాసిరకంది రావడంతో దేశదేశాల్లో లెక్కలేనన్ని బోర్డులు ఇలాగే ఉబ్బి చచ్చాయట. దానికి కెపాసిటర్ల ప్లేగు అని పేరే పెట్టారు. ఇప్పటి బోర్డుల్లో ద్రవం లేని ఘనరూప కెపాసిటర్లు వచ్చాయి గనుక ఆ బాధ తగ్గింది. "మార్చి వేయొచ్చు మాస్టారూ, కానీ కారిన రసం కింది రాగిగీతలను తినేసింది. ఇది లేవదు" అని తేల్చేశాడు. మనిషి దగ్గర చెప్పినట్టే కొంచెం తల వంచి చెప్పాడు.

హార్డ్‌డిస్కు తీసి నా చేతిలో పెట్టాడు. అది బాగానే ఉండవచ్చన్నాడు. కానీ పాత రకానిది, నలభై సూదుల కేబులుది. దాన్ని తగిలించే చోటు ఇప్పటి బోర్డుల్లో ఉండదు, యూఎస్‌బీకి మార్చే సాధనం కావాలి, అది తన దగ్గర లేదు. నకలు లేకపోలేదు. 2012లో ఒక సీడీలోకి ఎక్కించాం. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే వెనక పొర పెచ్చులు ఊడి ఆకాశం కనబడింది. అంటే ఎనిమిదేళ్ల మధ్యాహ్నాలూ, నాలుగు వేల మాటలూ, నా చేతిలో ఉన్న ఆ ఇటుకంత ఇనుపముక్కలోనే ఉన్నాయి. దాన్ని మెత్తటి తువ్వాలులో చుట్టి, ఏప్రిల్‌లో సికింద్రాబాదు రైలెక్కాను. రైల్లో దాన్ని తలకింద పెట్టుకోవడానికి మనసొప్పక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మాయి వాళ్లు తార్నాకలో ఉంటారు. "ఒక ల్యాప్‌టాప్ కొనుక్కోండి నాన్నా, గొడవ ఉండదు" అంది అమ్మాయి. చిన్న తెరమీద ఒత్తులు నా కంటికి ఆనవు, ఆ పలచటి మీటలు నా వేలికి ఆనవు. మనవడు అప్పుడే ఇంటర్మీడియటు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. వాడన్నాడు, "తాతయ్యా, విడిభాగాలు కొని మనమే తయారుచేద్దాం. నేను వంద వీడియోలు చూశాను" అని. వంద వీడియోలు చూసినవాడి ఆత్మవిశ్వాసం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా నాకూ సరదా పుట్టింది. అరవయ్యేడేళ్ల వయసులో కొత్తగా ఒక వృత్తి పదజాలం నేర్చుకునే అవకాశం నాబోటివాడు వదులుకుంటాడా?

పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు, తెలియనివారికి చెప్పినా తెలియదు. సంతలో కూరగాయల్లా ప్రాసెసర్లు, మెమరీ కర్రలు, తీగలు. మనవడు క్యాబినెట్టు ఎంచుకోవడానికి ఒక దుకాణంలో నిలబడితే, నేను ఎదుటి దుకాణంలో ప్రాసెసరు బేరం ఆడాను. బేరమాడడం నాకు చేతనవునని నాకొక నమ్మకం. పదిహేను వందలు తగ్గించి కొన్నాను. ఆ నమ్మకం దగ్గరికి మళ్లీ వస్తాను.

మర్నాడు ఉదయం హాల్లో నేలమీద దుప్పటి పరుద్దామంటే మనవడు ఒప్పుకోలేదు. దుప్పటిలో స్థిరవిద్యుత్తు పుడుతుందట, బోర్డుకు హానియట. చెక్కబల్ల మీద అట్టపెట్టె పెట్టి దానిమీద మదర్‌బోర్డు ఉంచాడు. మొదటిసారి అంత దగ్గరగా కొత్త బోర్డును చూడడం. మదర్‌బోర్డును మాతృఫలకం అని నేనొకప్పుడు తెనిగించబోతే, అది తెలుగెలా అవుతుందని మా ఆవిడ నవ్వి, "తల్లిపలక అనరాదూ?" అంది. అప్పుడు నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు చూస్తే అది పలకే. మనకు పైకి కనబడేది ఒక్క పొర. లోపల నాలుగో, ఆరో పొరలుంటాయట. ప్రతి పొరలోనూ రాగిపోగులు. పడుగు ఒకవైపు, పేక ఒకవైపు పోతున్నట్టు, ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోతుంటాయి. జాండ్రపేటలో మగ్గంమీద చీర చూసినప్పుడు ఎలా అనిపించేదో అలా అనిపించింది.

పని మొదలైంది. ప్రాసెసరు కూర్చునే గుంటలో 1700 సూదులున్నాయి. పూర్వం సూదులు ప్రాసెసరుకే ఉండేవి, బోర్డులో రంధ్రాలుండేవి. ఇంటెల్ వాళ్లు 2004 నుంచి సూదులను బోర్డులోకి మార్చారు. దానివల్ల ప్రాసెసరు అడుగు చదునైంది, ప్రమాదమంతా తల్లి ఒడిలోకి వచ్చింది. ఆ సూదుల్లో ఒక్కటి వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు, వంగిన సూదికి వారంటీ కూడా వర్తించదు. మనవడు ప్రాసెసరును రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, మూలనున్న చిన్న త్రికోణం గుర్తు చూసుకుని, గుంటలో దించాడు. దానిమీద మూత వేసి ఇనుపమీటను కిందికి నొక్కాడు. కరకరమని చప్పుడైంది. ఎండిన అప్పడం విరిగినట్టు. నా గుండె జారిపోయింది. "ఆగరా, బలంగా నొక్కకు" అన్నాను. "అది అలాగే చప్పుడు చేస్తుంది తాతయ్యా" అని వాడు మీటను కొక్కేనికి తగిలించేశాడు.

తక్కినవి చకచకా సాగాయి. క్యాబినెట్టు గోడకు ఇత్తడి కాళ్లు బిగించి, వాటిమీద బోర్డును కూర్చోబెట్టి మరలు వేశాడు. ఆ కాళ్లు లేకపోతే బోర్డు అడుగు ఇనుమును తాకి షార్టవుతుంది. ఎక్కువైనా అంతే, బోర్డులో రంధ్రం లేని చోట ఒక కాలు ఉంటే అదే ప్రాణం తీస్తుంది. ఇరవైనాలుగు సూదుల కరెంటు తీగ ఒకటి, ప్రాసెసరుకు ప్రత్యేకంగా ఎనిమిది సూదుల తీగ మరొకటి. సాయంత్రం ఆరింటికి మీట నొక్కాం. పంకాలు తిరిగాయి. చిన్న దీపం వెలిగింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. తెరమీద మాత్రం సిగ్నల్ లేదు అన్న మాట తేలుతూ అటూ ఇటూ తిరిగి, ఆరిపోయింది.

అప్పటి నుంచి రాత్రి పదిన్నర దాకా మేము చేయని ప్రయత్నం లేదు. తీగలన్నీ ఊడదీసి మళ్లీ గుచ్చాం. మెమరీ కర్రను ఒక గుంటలోంచి తీసి ఇంకో గుంటలో పెట్టాం. బోర్డుమీది రూపాయి బిళ్లంత బ్యాటరీని తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాం, పాత అమరికలు మరిచిపోతుందని. ఇత్తడి కాళ్లు లెక్కపెట్టాం. తెరకు పోయే తీగను పక్కింటివాళ్ల టీవీకి పెట్టి పరీక్షించాం, తీగలో దోషం లేదు. పంకాలు తిరుగుతూనే ఉన్నాయి. ప్రాణం ఉంది, పలుకు లేదు.

ఇక నా నోరు ఊరుకోలేదు. "నేను చెబుతూనే ఉన్నాను, బలంగా నొక్కొద్దని. ఆ చప్పుడేమిటనుకున్నావు? సూదులు విరిగిన చప్పుడది" అన్నాను. వాడు, "నేను సరిగ్గానే పెట్టాను తాతయ్యా" అన్నాడు. "తప్పు చేసినవాడు ఎవడైనా అదే అంటాడు" అన్నాను. వాడు నన్నొకసారి చూసి, చేతిలో ఉన్న మరతిప్పే సాధనాన్ని బల్లమీద జాగ్రత్తగా పెట్టి, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. విసిరేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. బళ్లో ఎన్నిసార్లు అన్నానో. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడొకణ్ణి పద్యం ఎదుటివాడి కాగితం చూసి రాశాడని బల్లమీద నిలబెట్టాను. ఇద్దరిదీ ఒకటే తప్పు మరి. తరువాత తెలిసింది, అచ్చుపుస్తకంలోనే ఆ తప్పు ఉందని. తెలిసిన తరువాత నేనేం చేశానంటే, ఏమీ చేయలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో.

రాత్రి నిద్రపట్టలేదు. అందరూ పడుకున్నాక హాల్లో దీపం వేసుకుని, కరెంటు ప్లగ్గు పీకి, మనవడు చేసిన తీరులోనే మీట ఎత్తి ప్రాసెసరు తీశాను. చేతులు వణికాయి, ఒప్పుకుంటాను. పాత ప్రతులు చదవడానికి వాడే భూతద్దం పట్టుకుని ఆ సూదులను వరసవరసగా చూశాను. బంగారు రంగులో, నాటు వేసిన మడిలా, అన్నీ ఒకవైపే వాలి ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పి లేదు. రెండుసార్లు చూశాను. మూడోసారి చూస్తుండగా మీట ఎత్తినప్పుడు కూడా అదే కరకర వచ్చిందని గుర్తొచ్చింది. అంటే ఆ చప్పుడు మూత ఇనుముది, బలమైన స్ప్రింగు పట్టుది. వాడు చెప్పిందే నిజం. అయినా నాలోని పంతులు వెంటనే ఒప్పుకోలేదు. అయితే బోర్డే పాడు సరుకై ఉంటుంది అనుకున్నాను. నిందను మనవడి మీదినుంచి తీసి తల్లిపలక మీద పెట్టాను, అంతే.

ఉదయం మనవడే బోర్డును విప్పి అట్టపెట్టెలో సర్దాడు. ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. దుకాణంలో మరమ్మతులు చూసే కుర్రాడు, ఇరవైరెండేళ్లుంటాయేమో, బోర్డును బల్లమీద పెట్టి, కరెంటు తగిలించి, సొరుగులోంచి చిటికెన వేలి గోరంత నల్లటి స్పీకరు తీసి బోర్డు అంచున ఉన్న నాలుగు సూదులకు గుచ్చాడు. అలాంటిది ఒకటి ఉంటుందని కూడా మాకు తెలియదు. పూర్వం క్యాబినెట్టుతో పాటే ఇచ్చేవారట, ఇప్పుడు చాలామంది ఇవ్వడం లేదు. మీట నొక్కాడు.

బీ...ప్. బిప్ బిప్ బిప్.

ఒక దీర్ఘం, మూడు హ్రస్వాలు. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. నా వేళ్లు వాటంతట అవే లెక్కపెట్టాయి. ఒక గురువు, మూడు లఘువులు. భగణం మీద ఒక లఘువు, భలం! చంద్రగణం. మధురాక్కరలోనో మహాక్కరలోనో తప్ప ఎక్కడ కనబడుతుంది? ఇన్నేళ్లలో పిల్లలకు చెప్పే అవసరమే రాలేదు. "భలం" అని పైకే అన్నాను. కుర్రాడు, "ఏం బలం సార్?" అన్నాడు. మనవడు మొదటిసారి నావైపు చూశాడు.

ఈ బోర్డు తయారుచేసినవాళ్ల పుస్తకంలో ఆ గణానికి అర్థం ఉంది. తయారీదారును బట్టి ఈ ధ్వనులు మారతాయి గానీ, మా బోర్డు భాషలో ఒక గురువు, మూడు లఘువులు అంటే గ్రాఫిక్స్ కనబడడం లేదని. "గ్రాఫిక్ కార్డ్ ఏది సార్?" అన్నాడు కుర్రాడు. "అక్కరలేదు, ప్రాసెసరులోనే ఉంటుంది, బోర్డుకు తీగ పెట్టే చోటు కూడా ఉంది" అన్నాడు మనవడు. వాడన్నది తప్పు కాదు. తెరకు తీగ తగిలించే చోటు బోర్డుమీద ఉంది. ఆ చోటుకు బొమ్మ పంపవలసింది మాత్రం ప్రాసెసరు. కుర్రాడు బిల్లు చూశాడు. 12100 తరువాత ఒక అక్షరం ఉంది. "ఇది ఎఫ్ ఉంది గద సార్. ఎఫ్ అంటే గ్రాఫిక్స్ ఉండదు."

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు బేరంలో దుకాణదారు, "ఎఫ్ ఇమ్మంటారా, ఎఫ్ లేకుండానా? ఎఫ్ అయితే పదిహేను వందలు తక్కువ" అన్నాడు. వేగంలో తేడా ఉందా అని అడిగాను. వేగం ఒకటే అన్నాడు. మరి తక్కువదే ఇవ్వవయ్యా అన్నాను. దానికి అతను ఒక ప్రశ్న అడిగాడు కూడా. "కార్డు ఉంది గద సార్?" అన్నాడు. నేను జేబులోంచి బ్యాంకు కార్డు తీసి చూపించి, "ఎందుకు లేదూ!" అన్నాను.

చెప్పానుగా, సిగ్గు అని.

మా గురువులు చెప్పేవారు, ఆగమం స్నేహితుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని లేవగొట్టి ఆ చోట కూర్చుంటుందని. సంఖ్య చివర ఒక అక్షరం అదనంగా చేరితే ఏదో ఒకటి ఎక్కువ ఉంటుందని నేననుకున్నాను. ఎక్కువున్న దానికి ధర తక్కువ ఎందుకుంటుందన్న ఆలోచన రాలేదు. అది ఆగమం వేషంలో వచ్చిన ఆదేశం. జీవితమంతా పిల్లల కాగితాల్లో ఒక్క అక్షరం తప్పితే ఎర్రసిరా పెట్టినవాడికి ఆ ఒక్క అక్షరమే తగిలింది.

కుర్రాడు ఎవరిదో పాత గ్రాఫిక్స్ కార్డు బోర్డులో గుచ్చి మీట నొక్కాడు. ఈసారి ఒకే ఒక్క పొట్టి బిప్. తెర వెలిగింది. తల్లిపలకకు ఏ దోషమూ లేదు. పెట్టె విప్పిన ప్రాసెసరు వెనక్కి తీసుకోరు గనుక, వాడిన కార్డు ఒకటి పద్దెనిమిది వందలకు కొన్నాం. పదిహేను వందలు మిగిల్చి పద్దెనిమిది వందలు పెట్టాను. నా బేరం విలువ మూడు వందల నష్టం. ఆ చిన్న స్పీకరుకు ఎంతని అడిగితే కుర్రాడు నవ్వి, "పెట్టుకోండి సార్" అని ఊరికే ఇచ్చాడు.

ఆటోలో మెట్టుగూడ దాటేదాకా ఊరుకుని, "నిన్న రాత్రి నేనన్న మాట తప్పురా" అన్నాను. ఆ మాట తొమ్మిదో తరగతి పిల్లవాడికీ చెప్పవలసింది. మనవడు కిటికీలోంచి చూస్తూ, "పర్లేదు తాతయ్యా" అన్నాడు. కొంతసేపయ్యాక, "ఆ బలం ఏంటి?" అన్నాడు. ఇల్లు చేరేదాకా సూర్య, ఇంద్ర, చంద్ర గణాలు చెప్పాను. "అయితే బోర్డు నిన్నటి నుంచీ చెబుతూనే ఉంది. మనకు స్పీకర్ లేదంతే" అన్నాడు. ఆటో అతను అద్దంలోంచి మా ఇద్దర్నీ అనుమానంగా చూశాడు.

సాయంత్రానికి యంత్రం సిద్ధమైంది. నేను తువ్వాలు విప్పాను. అమ్మాయి ల్యాప్‌టాప్ ఆఫీసువాళ్లది, బయటి డిస్కులను దగ్గరికి రానివ్వదు, అందుకని ఇన్నాళ్లూ ఆగవలసి వచ్చింది. మార్పిడి సాధనాన్నీ, దానికి వేరే కరెంటు పెట్టెనూ కొని తెచ్చాం. డిస్కు వెనక చిన్న జంపరును పుస్తకంలో చెప్పిన చోట పెట్టాం. కరెంటు ఇవ్వగానే డిస్కు గురగురమంటూ లేచింది. ఆ మధ్యాహ్నాలు నేను విన్న చప్పుడే అది, వంటింట్లోకి వినబడేది. అమ్మాయి కూడా వచ్చి వెనక నిలబడింది. లోపలికి వెళ్లడానికి మీకు అనుమతి లేదని ఒక సందేశం వచ్చింది. మనవడు ఏదో నొక్కి అనుమతి ఇప్పించాడు.

రోమను అక్షరాల్లో పేర్లు పెట్టిన దస్త్రాలు, నూట పదహారు. పదాలు ఒకటి, పదాలు రెండు, ఇలా. మొదటిది తెరిచాం. తెర నిండా ప్రశ్నార్థకాలు. పైనుంచి కిందిదాకా ప్రశ్నార్థకాలే, ఒక్క తెలుగక్షరం లేదు. మీలో ఆ రోజులనాటివారికి నేను చెప్పనక్కరలేదు. నోట్‌ప్యాడ్‌లో యూనికోడు అని ఎంచకుండా భద్రపరిస్తే అంతే, అక్షరాలు పోయి ప్రశ్నలు మిగులుతాయి, వాటిని మళ్లీ అక్షరాలుగా మార్చే దారి లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అమ్మాయి నా భుజంమీద చెయ్యి వేసింది. నాలుగోది తెరిచాడు మనవడు.

తెలుగు. ఒత్తులతో, తలకట్లతో, నిండుగా తెలుగు. ఆమెకు నాలుగో కట్టకు తెలిసివచ్చిందన్నమాట. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఉన్నాయి. మొదటి మూడు కట్టల నూట ఇరవై మాటలు మాత్రం చెదకు పోయాయి, ప్రశ్నలకు పోయాయి.

మనవడు ఆ రాత్రే అన్నిటినీ మూడుచోట్ల నకలు తీశాడు. నేను చదువుతూ కూర్చున్నాను. నాకు తెలియని విషయం ఒకటి అందులో ఉంది. నేను ముక్కలమీద రాసినదాన్ని ఆమె ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఊరుకోలేదు. అర్థం సరిపోలేదనిపించిన చోట పక్కన కుండలీకరణంలో ఒక మాట చేర్చింది: "అడగాలి." నన్నే. కొన్నిచోట్ల ప్రశ్న కూడా రాసింది. జడ్డిగానికి ఎన్ని రంధ్రాలు? అడగాలి. లొట్టి, ముంత ఒకటేనా? అడగాలి. ఎన్నని వెతికించాను. నలభై మూడు. ఒక్కటీ అడగలేదు. నేను బడి నుంచి వచ్చి కాఫీ తాగి పేపరు తీసేవాణ్ణి.

నలభై మూడింటిలో ముప్పయి ఒకటికి ఆ వారంలోనే సమాధానాలు రాశాను, ఆమె రాసిన దాని కిందనే, వేరే రంగులో. మిగిలినవాటికి నా దగ్గర సమాధానం లేదు. ఊరికి వచ్చాక జాండ్రపేట వెళ్లాను. అక్కడ నా పాత విద్యార్థి ఒకడు ఇంకా గుంటమగ్గం నేస్తున్నాడు. మడిచిన కాగితం తీసి చదివాను. "అచ్చు అతకడం: పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకడం. ఒక మనిషికి ఎన్నాళ్లు పడుతుంది? అడగాలి."

అతను నాడె ఆపి, "ఎవరు అడగమన్నారు మాస్టారూ?" అన్నాడు.